షట్టర్లు సగం దిగిన ఉదయం

2023 నవంబరు ఐదవ తేదీ, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. పెనుకొండ బజారు వీధిలో కిరాణా అంగడి వెనుకనున్న ఇంటి నడవలో నలుగురు కూర్చుని ఉన్నారు: నలభై ఏడేళ్ళ అంగడి యజమాని కృష్ణకాంత్, అతని తల్లి అన్నపూర్ణమ్మ, భార్య అనురాధ, హిందూపురంలో డిగ్రీ చదువుతూ సెలవుకు వచ్చిన కూతురు సింధూర. గోడమీది పటంలో కృష్ణకాంత్ తండ్రి కూడా ఉన్నాడు. ఆయన నలభై ఎనిమిదో ఏట, అంగడి గద్దెమీద కూర్చుని పొట్లం కడుతూ కడుతూనే పక్కకు ఒరిగిపోయాడు.

హిందూపురం డాక్టరు ఇచ్చిన కాగితాలను సింధూర చదివి వినిపించింది. చక్కెర, కొవ్వు, రక్తపోటు మూడూ హద్దు దాటాయి. మాత్రలు రాసి ఇచ్చి డాక్టరు ఒక మాట అన్నాడట: మీ నాయన కూర్చున్న చోటనే మీరూ కూర్చున్నారు, లేచి పరుగెత్తండి, నిదానంగానైనా సరే, రోజూ పరుగెత్తండి.

చెప్పినంత సులువు కాదు. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. తెల్లవారి ఆరింటికి షట్టరు ఎత్తాలి. బోణీ బేరం ఇంటి మగవాడి చేతి మీదుగానే జరగాలి. తండ్రి పోయిన నాటినుంచి ఇరవై నాలుగేళ్ళుగా కృష్ణకాంత్ ఆ వేళ తప్పలేదు. ధర్మవరంలో పెళ్ళయిన మర్నాడు కూడా చీకటితోనే రైలెక్కి వచ్చి షట్టరు ఎత్తాడు. ఆ సంగతి అనురాధ ఇప్పటికీ మరిచిపోనివ్వదు. ఇక రాత్రి తొమ్మిదింటిదాకా గద్దె. కాబట్టి అతనికి మిగిలింది ఐదింటికీ ఆరింటికీ మధ్యనున్న ఒక్క గంట. అన్నపూర్ణమ్మ అంతా విని, బోణీ వేళకు వస్తే చాలునని మాత్రం చెప్పి జపమాల అందుకుంది.

ఊళ్ళో కొంటే నలుగురికీ తెలుస్తుందని బూట్లు హిందూపురంలో కొన్నాడు. మర్నాటినుంచి బజారు దాటి స్టేషను దారి పట్టాడు. మొదటి రోజు వంద అడుగులకే ఊపిరి ఛాతీలో గడ్డకట్టినట్టయింది. అయితే అతన్ని ఆపింది ఊపిరి కాదు, ఊరు. వర్తకుడు కూర్చుంటాడు, అవసరమైతే నడుస్తాడు, పరుగెత్తడు. పరుగెత్తాడంటే ఇంట్లో ఎవరికో ఏదో అయిందని అర్థం. టీ అంగడి నరసప్ప చేతిలోని గ్లాసు కింద పెట్టి దారికి అడ్డంగా వచ్చాడు.

“యాడికి శెట్టీ ఉరుకుతాండావు? ఎవురికేమైందప్పా?”

“ఏం కాలేదు నరసప్పా. ఆరోగ్యానికి.”

“ఇట్ల ఉరికితే ఉండే ఆరోగ్యం గూడా పోతాది. కూచో, టీ తాగిపో.”

పాలవాడు అడిగాడు, పూలమ్మే బాలనాగమ్మ అడిగింది, స్టేషనులో టికెట్లిచ్చే హరీష్ కిటికీలోంచి తల బయట పెట్టి అడిగాడు. అడిగినప్పుడల్లా ఆగాలి, ఆగినప్పుడల్లా జవాబు చెప్పాలి. పది రోజులు గడిచేసరికి అతని కాళ్ళకంటే నాలుకకే ఎక్కువ వ్యాయామం జరిగింది. మానేస్తానన్నాడు. అప్పుడు అనురాధ ఒక ఉపాయం చెప్పింది: చేతిలో సంచి పట్టుకోండి, సంచి పట్టుకుని ఉరికేవాణ్ణి ఎవరూ ఆపరు, ధర్మవరం ప్యాసింజరుకు పోతున్నాడనుకుంటారు.

ఉపాయం పారింది. మూడు వారాలపాటు ఖాళీ సంచి ఊపుకుంటూ పోయాడు. పరుగెత్తిన రోజులున్నాయి, స్టేషను బెంచీమీద ఒడిలో సంచి పెట్టుకుని కూర్చుని, రాని రైలు కోసం ఎదురుచూసేవాడిలా కాలం గడిపి, నడిచి తిరిగివచ్చిన రోజులూ ఉన్నాయి. రెండో రకం రోజులే ఎక్కువ. బెంచీమీద కూర్చున్నా గద్దెమీద కూర్చున్నట్టే ఉండేది. పోయేటప్పుడు కొంత పరుగెత్తగలిగినా, వచ్చేటప్పుడు బజారు మొగకు చేరేసరికి కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి. అక్కడినుంచి ఇల్లు అరమైలు. ఆ అరమైలు చివరన ఎత్తవలసిన షట్టరు ఉంది.

డిసెంబరులో అన్నపూర్ణమ్మకు జ్వరం తగిలింది. ఐదు రోజులు మంచం దిగలేదని బజారంతటికీ తెలుసు. ఆరో రోజు జ్వరం తగ్గిందన్న సంగతి మాత్రం ఇంకా గడప దాటలేదు. ఆ వేకువన అనురాధ సంచిని ఉతికి ఆరవేసింది. బూటు కరిచి మడమ పుండుపడింది. సరేనని కృష్ణకాంత్ ఒట్టి కాళ్ళతో, చెమట తుడుచుకోవడానికి భుజాన ఒక తువ్వాలు వేసుకుని బయలుదేరాడు.

స్టేషను దారిలో కొండయ్య ఇల్లుంది. కొండయ్య వర్తక సంఘానికి నలభై ఏళ్ళుగా నౌకరు. బజారులో ఏ వర్తకుని ఇంట చావు జరిగినా అంగడి అంగడికీ వెళ్ళి షట్టర్లు సగానికి దింపించడం అతని విధి. భుజాన తువ్వాలు, కాళ్ళకు చెప్పుల్లేవు, మసక వెలుతురు, పరుగు: అలా పోతున్న మనిషిని ఆపి అడగకూడదన్నది కూడా అతనికి తెలిసిన మర్యాదే. అడగలేదు. వాకిట చల్లుతున్న నీళ్ళు సగంలో ఆపి, సైకిలెక్కి సందుల గుండా బజారుకు వెళ్ళిపోయాడు.

కృష్ణకాంత్ తిరిగి బజారు మొగకు వచ్చేసరికి, ఐదున్నరకే తెరిచే అంగళ్ళన్నిటికీ షట్టర్లు సగం దిగి ఉన్నాయి. జనం మెట్లమీద నిలబడి ఉన్నారు. నరసప్ప అతన్ని చూసి ఏమీ అడగకుండా తల దించుకున్నాడు. చేతిలో సంచి లేకపోయినా అతన్ని ఎవరూ ఆపకపోవడం ఈ నలభై రోజుల్లో ఇదే మొదటిసారి. చావు ఎవరిదో అప్పుడు అర్థమయింది.

పరుగెత్తాడు. మడమ చిట్లింది, తువ్వాలు జారి పడింది, వెనక్కు చూడలేదు. రోజూ కాళ్ళు ఆగే చోటు ఎప్పుడు దాటాడో తెలియలేదు. ఆ పరుగులో, బట్టల అంగడి దాటి ఉప్పు మండీ దగ్గరకు వచ్చేలోగా, ఒక ఆలోచన అతని ప్రమేయం లేకుండా వచ్చింది: ఇక రేపటినుంచి ఆరింటికి షట్టరు ఎత్తమనేవాళ్ళు లేరు. ఆ ఆలోచన వచ్చిన క్షణాన అతని కాళ్ళు తేలికయ్యాయి. ఏడుస్తూనే ఉన్నాడు, కాళ్ళు మాత్రం తేలికయ్యాయి. ఆ రెండూ తనకు తెలుస్తూనే ఉన్నాయి.

అన్నపూర్ణమ్మ గడపలో కూర్చుని కాఫీ తాగుతోంది.

“ఆరు కొట్టి ఐదు నిమిషాలయింది. అంగడి తెరిచేది లేదా?”

అతను అరుగుమీద కూలబడ్డాడు. వెనుకనే కొండయ్య, ఇద్దరు సంఘ సభ్యులు, పూలదండతో బాలనాగమ్మ వచ్చి ఆమెను చూసి నిలువునా నిలిచిపోయారు. విషయం తెలుసుకున్నాక అన్నపూర్ణమ్మ దండను చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

“పూలు బాగుండాయి. ఇంత దూరం వచ్చినారు, కాఫీ తాగి పోండప్పా.”

ఆ పూట నవ్వుకున్నారు గాని, బతికున్న మనిషికి షట్టర్లు దించడం బజారుకు కీడని పెద్దలకు దిగులు పట్టుకుంది. సాయంత్రానికి సంఘంవారు ఒక కాగితం టైపు చేయించి కొండయ్య చేత పంపించారు. ఇకమీదట బజారు వీధిలో పరుగెత్తనని కృష్ణకాంత్ అందులో సంతకం పెట్టాలి. ఇంటినుంచి బయటికి పోవడానికి బజారు వీధి తప్ప దారి లేదు. అతను కాగితం రెండుసార్లు చదివి పెన్ను తెరిచాడు. అతనికి కోపం రాలేదు. తనకు తగిన శిక్షేననిపించింది.

అన్నపూర్ణమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఈ పొద్దు ఆగకుండా ఎంత దూరం ఉరికినావురా?”

“బజారు మొగనుంచి, అమ్మా.”

“నాకోసరం,” అందామె కొండయ్య వైపు తిరిగి. “వీళ్ళ నాయన పోయిన ఈడుకు ఇంగొక ఏడాది గూడా లేదు వీనికి. బెదిరితేనే ఇంత దూరం ఉరికినోడు, బెదరకుండా ఎంత దూరం పోతాడో సూడల్ల.”

కృష్ణకాంత్ నోరు తెరిచాడు. ఉప్పు మండీ దగ్గర ఏం జరిగిందో చెప్పడానికి మాటలు వెతికాడు. అవి అమ్మకు వినిపించగల మాటలు కావు. పెన్నుకు మూత పెట్టాడు.

“రేప్పొద్దున్నుంచి బోణీ నేను చేస్తా,” అంది అన్నపూర్ణమ్మ.

కొండయ్య ఇబ్బందిగా కదిలాడు. భర్త పోయినవాళ్ళ చేత్తో బోణీ ఆ వీధిలో ఎవరూ ఎరగరు. ఆ మాట అనలేక, శకునం అని మాత్రం గొణిగాడు.

“చచ్చినోళ్ళ లెక్కలో రాసినారు గదప్పా నన్ను, నాకింగ శకునమేంది? వాడు ఉరికొచ్చినాంక గద్దెమీద కూచుంటాడు. ఏ పొద్దన్నా ఉరకనంటే నేను లెయ్యను, ఆడనే కూచోనుంటా.”

ఆ చివరి మాట విని కృష్ణకాంత్ తల దించుకున్నాడు. షట్టరు బరువు భుజం దిగింది. దానికంటే బరువైనదేదో ఆ చోటనే వచ్చి కూర్చుంది. రేపు మడమ నొచ్చినా, ఎల్లుండి వాన పడినా, ఇక పరుగెత్తకుండా ఉండే వీలు లేదు.

ఆమె సంఘంవారి కాగితం తిరగేసి అనురాధ చేతికిచ్చింది. అత్త చెబుతుంటే అనురాధ రాసింది: నేను జీవించి ఉన్నాను. నా కొడుకు రోజూ బజారు వీధిలో పరుగెత్తుతాడు. నేను పోయిన రోజున నా కోడలు అనురాధ స్వయంగా వచ్చి చెబుతుంది. అంతవరకు ఎవరు పరుగెత్తినా షట్టర్లు దించవద్దు.

అన్నపూర్ణమ్మ కళ్ళద్దాలు సవరించుకుని, ఒక్కొక్క అక్షరమే గుండ్రంగా దిద్దుతూ సంతకం చేసింది. కొండయ్య సిరా ఆరేదాకా ఊదాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు.