ఆర్విల్ మాస్టారి డోలు

నేను ఒక డోలుని. మనిషి నడుమెత్తు ఉంటాను, రెండు వైపులా దూడతోలు. దెబ్బలు తినడమే నా బతుకు. ఇప్పుడు సామాన్ల గదిలో విరిగిన బెంచీల మధ్య పడి ఉన్నాను. తోలు వదులైపోయింది. ఎవరైనా వచ్చి కొట్టినా పలికే ఓపిక లేదు. అయినా ఒక్క సంగతి లోపల ఉండిపోయింది. అది చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

నన్ను షికాగోలో ఒక ముసలి పనివాడు చేశాడు. కొన్నాళ్లు ఒక ఊరి బ్యాండుతో ఊరేగింపులు తిరిగాను. వాళ్లు కొత్త డోలు కొనుక్కుని, నన్ను మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక బధిరుల పాఠశాలకి దానం చేశారు. లారీలోంచి దించుతూ డ్రైవరు, "చెవిటోళ్లకి డోలెందుకయ్యా!" అని పడీ పడీ నవ్వాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం వచ్చింది.

అమెరికా బడుల్లో ఫుట్‌బాల్ అంటే మీరనుకునే కాలిబంతి కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెడతాడు, ఎదుటివాళ్లు మీదపడి కూలదోస్తారు. బంతి ఎప్పుడు కదలాలో ఆటగాడొకడు అరిచి చెబుతాడు. మా పిల్లలకి అరుపు వినబడదు కాబట్టి నన్ను మైదానం గీత పక్కన నిలబెట్టి కొట్టేవారు. నా అదురు నేలలోంచి పాదాలకి, గాలిలోంచి పక్కటెముకలకి చేరేది. ఎన్నో దెబ్బకి కదలాలో ప్రతిసారీ మార్చి, ముందుగా వేళ్లతో చెప్పుకునేవారు. ఎదుటివాళ్లకి దెబ్బలన్నీ వినబడేవి గానీ, అసలు దెబ్బ ఏదో తెలిసే వీలు లేదు.

లేదని అందరూ అనుకునేవారు. నన్ను కొట్టేది ఆర్విల్ మాస్టారు. ఆయనా బధిరుడే, జట్టుకి ఆట నేర్పే కోచ్ కూడా బధిరుడే. మాస్టారు ఆ బడిలోనే బూట్లు కుట్టడం నేర్పేవారు. "పంతొమ్మిదేళ్లలో ఒక్క దెబ్బ తప్పలేదు" అని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చేతులతో చెప్పుకుని మురిసిపోయేవారు. తప్పలేదు, నేనే సాక్షిని. కానీ అసలు దెబ్బ కొట్టబోయే ముందు, బలం తెచ్చుకుంటూ, ఆయన గొంతులోంచి "హూఁ" అని ఒక మూలుగు వచ్చేది. ఆ సంగతి ఆయనకీ తెలియదు, పిల్లలకీ తెలియదు. చెవులున్న ఎదుటి జట్లు మాత్రం రెండు మూడుసార్లలోనే పట్టేసేవి. మా పిల్లలు ఓడిపోతే వచ్చి భుజాలు తట్టి ఓదార్చేవారు గానీ, ఇదిగో మీ తప్పు ఇక్కడుంది అని చెప్పిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

ఆ రోజుల్లో మా జట్టులో డెల్మర్ కూబెక్ అనే కుర్రాడు ఉండేవాడు. బంతి చేతికొస్తే ఇక వాణ్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. దేశంలోని బధిర పాఠశాలల నుంచి ఏటా పదకొండుమంది మేటి ఆటగాళ్లను ఎంచి బధిరుల పత్రిక ఒకటి అచ్చువేసేది. అందులో రెండేళ్లు వరసగా వాడి పేరు వచ్చింది. ఆ పత్రిక చదివేది బధిరులే. చెవులున్నవాళ్ల రాష్ట్ర జట్టులో చోటు దొరికితే కాలేజీ సీటు ఖాయం. ఆ జట్టుకి ఆటగాళ్లను ఎంచే ప్రాథర్ అనే పెద్దమనిషి ఒక శనివారం మధ్యాహ్నం డెల్మర్ ఆట చూడటానికి వచ్చాడు. మా బడికి అలాంటివాడు రావడం అదే మొదటిసారి.

మొదటి సగంలో డెల్మర్ పదకొండుసార్లు బంతి అందుకున్నాడు. పదకొండుసార్లూ నాలుగడుగులు వేయకముందే నేల కరిచాడు. ప్రాథర్ గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు.

విరామంలో డెల్మర్ తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. దెబ్బ తన పక్కటెముకలకి తగలకముందే ఎదుటివాళ్లు లేస్తున్నారని, లేచేముందు వాళ్ల తలలు మా వైపు తిరుగుతున్నాయని గమనించాడు. "మాస్టారూ, మూడో దెబ్బ అసలుది అనుకుని ఒకసారి కొట్టండి" అని సైగ చేసి, అరచెయ్యి ఆయన గొంతు మీద పెట్టాడు. మూడో దెబ్బకి ముందు ఆ గొంతు అరచేతి కింద అదిరింది, వాడి ముఖం పాలిపోయింది.

"ఏమైందిరా?"

"మీకు జలుబు చేసింది మాస్టారూ. గొంతు అదురుతోంది." తన ఉన్ని మఫ్లరు తెచ్చి ఆయన మెడకీ నోటికీ కలిపి నాలుగు చుట్లు బిగించి కట్టాడు.

"ఆట వదిలేసి నా మీద బెంగేమిట్రా, వెర్రి వెధవా!" అన్నారు గానీ, ఆయన కళ్లు చెమర్చాయి.

మూలుగు ఉన్నిలో ఇంకిపోయింది. రెండో సగంలో డెల్మర్ నాలుగుసార్లు బంతితో ఎదుటివాళ్ల చివరి గీత దాటి పాయింట్లు తెచ్చాడు. మా వాళ్లు గెలిచారు, రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ గంతులేశారు. ప్రాథర్ వచ్చి ఒక కాగితం మీద రాసి చూపించాడు: "రెండో సగం అద్భుతం. మొదటి సగంలో ఏమైంది?"

ఆర్విల్ మాస్టారు పక్కనే నిలబడి ఆ కాగితంలోకే చూస్తున్నారు. డెల్మర్ పెన్సిలు అందుకున్నాడు. రాయాల్సిందల్లా ఒక్క వాక్యం. వాడు రాసింది: "రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. ఒళ్లు బద్ధకించింది." ప్రాథర్ పెదవి విరిచి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడు వారాలకి రాష్ట్ర జట్టు పేర్లు పేపర్లో వచ్చాయి. వాడి పేరు లేదు. ఆర్విల్ మాస్టారు డెల్మర్‌ని బూట్ల గదికి పిలిపించారు. నా తోలు బిగించడానికి అక్కడే పెట్టారు కాబట్టి అంతా నా కళ్ల ముందే జరిగింది. చేతిలోని బూటు పక్కన పడేసి, చేతులతో తిట్లు మొదలుపెట్టారు.

"అంత ముఖ్యమైన ఆట పెట్టుకుని నిద్ర మానుకుంటావా? బుద్ధుందా నీకు? బంగారంలాంటి అవకాశం నీ బద్ధకంతో మట్టిపాలు చేసుకున్నావు కదరా! నన్ను చూసైనా నేర్చుకోలేదా?"

బధిరులకి తిట్లు తప్పించుకోవడం చాలా సులువు, కళ్లు పక్కకి తిప్పుకుంటే చాలు. డెల్మర్ తిప్పుకోలేదు. ఆయన చేతులు అలసిపోయి ఒళ్లో పడేదాకా, రెప్పవేయకుండా చూస్తూ నిలబడ్డాడు.