పదింటికల్లా నీళ్ళు

ఆ ఉదయం పదింటికల్లా రూయ్‌ద్రిఫ్ ఊరి ఏట్లో నీళ్ళు పారాలి. పారకపోతే మ్జుకిసి ఉద్యోగం పోతుంది.

అతను ఊరి పారిశ్రామికాభివృద్ధి అధికారి. గది మీద బోర్డు తప్ప అభివృద్ధి ఏమీ లేదు. ఆ బోర్డు కూడా పక్క ఊళ్ళో చేయించిందే. నెలాఖరులోగా ఫ్యాక్టరీ తేకపోతే కుర్చీ ఎత్తేస్తామని మేయర్ ఫకాతి తేల్చేశాడు.

ఇవాళ టమాటా రసం ఫ్యాక్టరీ పెట్టే స్ట్రైడమ్ వస్తున్నాడు. ఏరు చూస్తే ఉత్త ఇసుక. మ్జుకిసి ఎగువ డ్యాం దగ్గర పనిచేసే స్నేహితుణ్ణి బతిమాలి, తెల్లారగానే గేట్లు ఎత్తించాడు. అతిథులు తొమ్మిదికి ఏటి మీది చప్టా దాటి ఊళ్ళోకి వస్తారు, పదికి నీళ్ళొస్తాయి. అవతలి ఒడ్డున మలుపు బోర్డు పడిపోయింది గనక, అక్కడుండే మేనత్త నొజిజ్వేని దారి చూపించమన్నాడు. తన తెలివికి తనే మురిసి, కొత్త టై కట్టుకున్నాడు.

ఏటి ఒడ్డున మేయర్‌తో ఎదురుచూస్తుంటే, తొమ్మిదిన్నరైనా కారు జాడ లేదు. ఫోన్ చేశాడు.

"అత్తా, వాళ్ళొచ్చారా?"

"వచ్చార్రా, టీ తాగుతున్నారు."

"దారి చూపించమంటే టీ ఏంటత్తా!"

"గడపలోకొచ్చిన మనిషికి గుక్కెడు టీ ఇవ్వకుండా వేలెత్తి దారి చూపించనా? మీ నాన్నుంటే చెవి మెలేసేవాడు. రొట్టె పొయ్యి మీదుంది, ఇప్పుడే దించేస్తా."

మ్జుకిసి గడియారం చూసుకున్నాడు. ఆ ఊళ్ళో 'ఇప్పుడే' అంటే ఏమిటో అతనికి తెలుసు. ఫ్యాక్టరీ ఎప్పుడని అడిగిన ప్రతివాడికీ తనూ ఆ మాటే చెప్పేవాడు.

పది కొట్టింది. ఆ ఊరి చరిత్రలో మొదటిసారి ఒక ప్రభుత్వ పని వేళకి జరిగింది. ఎర్రటి నీళ్ళు హోరుమంటూ వచ్చి చప్టాని మింగేశాయి.

"శభాష్!" అన్నాడు మేయర్. "నీళ్ళొచ్చాయి. మరి మనుషులేరయ్యా? ఈదుకుంటూ రమ్మన్నావా?"

మ్జుకిసి ఫైలు ఊపుతూ, అందులో రాసుకున్న ఉపన్యాసం అవతలి ఒడ్డుకి అరిచాడు. హోరులో తన మాట తనకే వినపడలేదు. వినపడకపోవడమే నయమనిపించింది. అందులో అవతలి ఒడ్డుని 'దేనికీ పనికిరాని మేకల బీడు' అని రాసింది అతనే.

ఫోన్ మోగింది.

"ఒరే, ఈ స్ట్రైడమ్‌కి నీళ్ళు తెగ నచ్చాయి. నా బీడు అమ్ముతావా అంటున్నాడు. ఫ్యాక్టరీ ఇక్కడే పెడతాట్ట."

"అత్తా! అది మా మునిసిపాలిటీ కాదే!"

"నీ మునిసిపాలిటీకి దారేది? పాపం, నీ సంగతి చెప్పాన్లే. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకి మనిషి కావాలట. ఇవాళే వచ్చి మాట్లాడుకోమన్నాడు."

మ్జుకిసి మునిగిన చప్టా వైపు చూశాడు. టై విప్పి జేబులో కుక్కుకుని, బూట్ల తాళ్ళు విప్పడం మొదలెట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నాడు మేయర్.

"ఇప్పుడే వస్తా సార్."