తాబేలు చెట్టు నీడ

తోటమాలికి మొండితనం పుట్టుకతోనే వచ్చింది. లేకపోతే ఆ చెట్టును ఎవరు పెంచుతారు చెప్పండి? నాలుగెకరాల తోట. ముందు భాగమంతా యజమాని ముచ్చటపడి వేయించుకున్న గులాబీలు, పచ్చిక. వెనక భాగం బోడి నేల. అక్కడ కాస్త నీడ కావాలని యజమాని అడిగితే, ఇంకొకడైతే నాలుగేళ్ళలో ఏపుగా లేచే మొక్క ఏదో తెచ్చి పాతి చేతులు దులుపుకునేవాడు. ఇతను మాత్రం ఆ నేలలోనే పుట్టిన పాతకాలపు చెట్టు గింజను ఎక్కడినుంచో ఏరుకొచ్చి నాటాడు. మొలక కనిపించడానికే పదకొండు నెలలు పట్టింది. మోకాలెత్తు లేవడానికి ఆరేళ్ళు. చూసినవాళ్ళు దానికి తాబేలు చెట్టని పేరు పెట్టారు. యజమాని రెండేళ్ళు నీడేదీ అని అడిగి, మూడో ఏడు అడగడం మానేసి, చివరికి వెనకవైపు రావడమే మానేశాడు.

తోటమాలి భార్యకు నోరు ఎక్కువ, ఆపేక్ష అంతకంటే ఎక్కువ. చెట్టు సంగతి వచ్చినప్పుడల్లా అతను నిదానమే ప్రధానం అనేవాడు, ఆమె ఆలస్యం అమృతం విషం అనేది. ఈ రెండు సామెతలూ ఆ ఇంట్లో వాళ్ళతోపాటే కాపురం చేశాయి. పిల్లలు లేరు. వెనక గోడను ఆనుకొని ఒక గది, వంటకు చిన్న వసారా, పక్కనే పనిముట్ల కొట్టు. దేనికీ లోటనిపించని కాపురం.

ఇరవై రెండో ఏట ఆ చెట్టుకు మంచం పట్టేంత నీడ వచ్చింది. తోటమాలికి ఒక పద్ధతి ఉంది. ఏ చెట్టు నీడైనా పొద్దున ఎక్కడ పడుతుందో, మధ్యాహ్నం ఎక్కడుంటుందో, సాయంత్రం ఎటు పోతుందో సున్నంతో మూడు గీతలు గీసుకుని, వాటిని బట్టే మడులు కడతాడు. ఈ చెట్టు కిందా గీశాడు. పొద్దున గీసిన గీత మీదే మధ్యాహ్నం గీత పడింది. సాయంత్రం గీత కూడా సరిగ్గా దానిమీదే పడింది. సూర్యుడు ఎటు పోయినా ఆ నీడ మాత్రం పరిచిన చాపలా ఉన్నచోటే ఉంది. తన కళ్ళు మసకబారాయేమోనని భార్యను పిలిచి చూపించాడు. ఆమె చూసి, మాట్లాడకుండా వసారాలోకి వెళ్ళిపోయింది. ఆమె మాట్లాడకుండా ఉండడం అతను చూడడం అదే మొదటిసారి.

ఆ తరవాత ఒక్కొక్కటీ బయటపడింది. గీత లోపలున్న మల్లెతీగకు సాయంత్రానికి విచ్చాల్సిన మొగ్గ నలభై రోజులకు విచ్చింది. పొద్దున కొమ్మ నుంచి ఊడిన పండుటాకు మధ్యాహ్నం భోజనాల వేళకు కూడా నేలకు చేరలేదు, మనిషి ఎత్తున గాలిలో అలాగే ఆగి ఉంది.  తోటమాలి భయపడ్డాడు కానీ, పెంచిన చేతులు కదా, లోపల ఎక్కడో గర్వపడ్డాడు కూడా.

ఒకరోజు తిండి తిని, మత్తుగా ఉంటే, ఆదమరిచి ఆ నీడలోనే నడుం వాల్చాడు. చిన్న కునుకు. కళ్ళు తెరిచేసరికి ఎండలో ఉన్నాడు, చొక్కా కాలరుకు పార పళ్ళు తగులుకొని ఉన్నాయి, భార్య ఏడుస్తూ తిడుతోంది. గడ్డి పోగుచేసే పళ్ళపారతో గీత బయట నిలబడి అతన్ని ఈడ్చుకొచ్చింది. పడుకున్నది నిన్న మధ్యాహ్నమట. ఇరవై నాలుగు గంటలు పిలిచినా పలకలేదట. కన్ను మూసి తెరిచానంతే కదే అని అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. కొట్టెయ్యమంది. బిడ్డలా పెంచిన చెట్టును ఎలా కొట్టనంటూ అతను చుట్టూ ముళ్ళకంచె వేశాడు. పాములున్నాయని అందరికీ చెప్పాడు.

ఇంకొక సంగతి కూడా తెలుసుకున్నాడు. ఒక ఎండాకాలం జ్వరమొచ్చి పదిరోజులు నీళ్ళు పోయకపోతే ఆకులు వడిలి, నీడ పలచబడి, ఆగిపోయిన మల్లెమొగ్గలన్నీ ఒక్క పొద్దునే విచ్చుకున్నాయి. అంటే నీళ్ళుంటేనే ఆ నీడ. జ్వరం తగ్గగానే మళ్ళీ నీళ్ళ క్యాను పట్టి, గీత బయట తవ్విన పాదులో పోశాడు.

అలా ఎనిమిదేళ్ళు గడిచాక భార్యకు కడుపునొప్పి మొదలైంది. ఆమె చెల్లెలు ఆస్పత్రిలో నర్సు. అక్కను తనే పరీక్షలన్నిటికీ తిప్పింది. మూడు నెలలని డాక్టర్లు తేల్చేశారు. ఈ జబ్బుకు కొత్త ఇంజెక్షన్ తయారవుతోందని, చేతికి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుందని మరదలు చెప్పి ఏడ్చింది. మూడు నెలలెక్కడ, నాలుగేళ్ళెక్కడ?

తోటమాలి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు అతనికి తను రోజూ చేసే పనే తోచింది. వడిలిన మొక్కను ఏ తోటమాలైనా ఏం చేస్తాడు? నీడకు మారుస్తాడు, కదపకుండా ఉంచుతాడు, నీళ్ళు మాత్రం తప్పనివ్వడు. మందు వచ్చేదాకా ఆ నీడలో ఉంచితే చాలు, మూడు నెలల ప్రాణం నాలుగేళ్ళు ఆగుతుంది. మరదలు మొదట నమ్మలేదు. గాలిలో ఆగిన ఆకును చూపించాక సరేనని తలూపింది.

భార్య మాత్రం అతని చెయ్యి వదల్లేదు. "నాకు భయంగా ఉందయ్యా" అంది.

"నేను పడుకుని చూశాను కదే. కన్ను మూసి తెరిచినట్టుంటుంది. తెరిచేసరికి మందు నీ చేతిలో ఉంటుంది. నా మాట నమ్ము."

ముప్ఫై ఏళ్ళుగా నమ్మిన మనిషి, ఇప్పుడు మాత్రం ఎందుకు నమ్మదు? సరేనంది.

మరదలు ఆస్పత్రిలో పక్కన పడేసిన చక్రాల మంచం ఒకటి అడిగి తెచ్చింది. కంచె ఒకవైపు తీసి, భార్యను దానిమీద పడుకోబెట్టి, మంచం కాలికి పొడుగాటి తాడు కట్టి, ఒక పొద్దున పదిగంటలకు, అతను గీత బయట నిలబడి వెదురుకర్రతో మంచాన్ని లోపలికి తోశాడు. వెనక చక్రాలు గీత దాటుతుండగా ఆమె తల అతనివైపు తిరిగింది, పెదవులు కొద్దిగా విడ్డాయి. అక్కడే ఆగిపోయింది.

మరదలికి వేరే ఊరు బదిలీ అయింది. అతను ఒక్కడే మిగిలాడు. పొద్దున ఆరు క్యాన్లు, సాయంత్రం ఆరు క్యాన్లు. వానొచ్చినా మానలేదు. ఒళ్ళు కాలిపోతున్నా పాక్కుంటూ వెళ్ళి పోశాడు. పోశాక కంచె పక్కన పీట వేసుకుని, గులాబీలకు పట్టిన చీడ నుంచి యజమానికి వచ్చిన మోకాళ్ళ నొప్పుల దాకా ఆమెకు కబుర్లు చెప్పేవాడు. ఇన్నాళ్ళకు నీ నోరు మూయించానే అని పరాచికాలాడేవాడు. తిరిగి తిట్టే మనిషి లేక, ఆ మాట అనేసి తనే ఏడ్చేవాడు.

రెండో ఏడు ఆమె పెదవుల మూలలు కాస్త సాగినట్టు అనిపించింది. మూడో ఏటికి అనుమానం తీరిపోయింది. నవ్వుతోంది! మొగ్గ విచ్చుతుంటే చూడలేం కానీ, నెలకోసారి చూస్తే తెలుస్తుంది కదా, అలాగే. పళ్ళు కూడా కొద్దిగా కనిపిస్తున్నాయి. మీ అక్క నవ్వబోతోందే అని మరదలికి ఫోన్లో చెప్పి మురిసిపోయాడు. ఆ ఏడాదే మంచం వైపు నుంచి సన్నగా ఒక హోరు మొదలైంది. తేనెపట్టు పెట్టిందేమోనని కొమ్మలన్నీ బయటినుంచే వెతికాడు. ఏమీ లేదు. పాడుకుంటోంది కాబోలు అనుకుని, సాయంత్రాలు ఆ హోరు వింటూ కూర్చునేవాడు.

నాలుగేళ్ళ మూడు నెలలకు మరదలు వచ్చింది. మందు వచ్చేసిందని వాకిట్లోనుంచే చెప్పింది, సంచిలోంచి తీసి చూపించింది. ఆరు ఇంజెక్షన్లు, ఆరు నెలలు, జబ్బు పూర్తిగా పోతుంది. తోటమాలి సంతోషం పట్టలేక ఆమె చేతులు రెండూ కళ్ళకద్దుకున్నాడు. రా, ముందు మీ అక్క నవ్వు చూద్దువుగాని అని వెనకవైపు తీసుకెళ్ళాడు.

మరదలు కంచె దగ్గర నిలబడి చూసింది. 

"బావా, అది నవ్వు కాదు."

"నీకు దూరానికి కనబడ్డం లేదు. కాస్త ఇటొచ్చి చూడు."

"రోజూ వార్డులో చూస్తాను ఆ మొహం. నొప్పికి పళ్ళు బిగబట్టింది. ఆ హోరు పాట కాదు, మూలుగు."

 తోటమాలి మొండివాడు కదా. నొప్పి ఏదో వచ్చే ఉంటుంది, నిమిషం నొప్పి, మీ అక్కకు తెలియను కూడా తెలియదు అన్నాడు. తాను ఇరవై నాలుగు గంటలు అక్కడే ఉన్నాడని, కన్ను మూసి తెరిచినట్టే ఉందని గుర్తుచేశాడు.

"నువ్వు నిద్రపోయావు బావా" అంది మరదలు నెమ్మదిగా. "అక్క మేలుకొని ఉంది."

అతను తాడు అందుకున్నాడు. ఇద్దరూ కలిసి లాగారు. మంచం గీత దాటగానే ఆ హోరు ఒక్కసారిగా పెద్ద కేక అయింది. గులాబీల దగ్గరున్న పిట్టలన్నీ లేచిపోయాయి. మరదలు నొప్పికొక సూది, ఆ వెంటనే కొత్త మందు ఇచ్చింది. కాసేపటికి కేక మూలుగై, మూలుగు ఊపిరై, ఆమె మొహం తేటపడింది. ఆ మొహంలో ఒక్క ముడత కొత్తగా రాలేదు. అతని తల మాత్రం ముగ్గుబుట్ట అయిపోయింది.

అతను మంచం పక్కన కూలబడి, మందు వచ్చిందే, నువ్వు బతుకుతావే, ఇంక మన కష్టం తీరిందే అని చెప్పిందే చెప్పాడు. ఆమె అతని జుట్టును, చేతుల మీద క్యాను పిడి చేసిన కాయలను చూసింది. ఆ కాయలను వేలితో మెల్లగా నిమిరింది. కోపం లేదు ఆ చూపులో. కోపమున్నా అతను ఓర్చుకునేవాడు.

"రోజూ పొద్దున్నే నీ క్యాను చప్పుడు వినేదాన్ని" అంది. "ఇవాళ పొయ్యకపోతే బాగుండు, కనీసం రేపన్నా మర్చిపోతే బాగుండు అని నీకేసే చూస్తూ ఉండేదాన్ని. నాలుగేళ్ళలో నువ్వు ఒక్కరోజు కూడా మర్చిపోలేదయ్యా."