రెండిటికీ ఒకటే మాట

కోర్టులో టైపిస్టుగా పనిచేసినన్నాళ్ళూ నాకు ఇంగ్లీషు మాటలతోనే తగువు. సాక్షి తెలుగులో చెప్తాడు, మేజిస్ట్రేటుగారు దాన్ని ఇంగ్లీషులో చెప్తారు, నేను టైపు కొడతాను. మధ్యలో ఏ మాట ఎటు జారిపోయిందో అడిగే నాథుడుండడు. తొంభై ఏడులో, విజయవాడలో, బ్లంట్ అనే మాట దగ్గర మాత్రం ఒకావిడ నన్ను నిలదీసింది.

ఆవిడ పేరు పోలేరమ్మ. వన్ టౌన్‌లో చేపలమ్ముతుంది. చేపల కత్తితో తన నుదురు చీల్చిందని తిరుపతిరావు అనే షాపు యజమాని ఆవిడ మీద కేసు పెట్టాడు. రుజువైతే జైలే. అయితే డాక్టరు సర్టిఫికెట్‌లో గాయం బ్లంట్ వెపన్‌తో, అంటే పదును లేనిదానితో, అయిందని ఉంది. పోలేరమ్మ వకీలు హేమసుందర్‌కి అదే కొండంత అండ. "ఏమడిగినా నాకు తెలీదండీ అను, మిగతాది నేను చూసుకుంటా" అని ఆవిడకి నూరిపోశాడు.

మేజిస్ట్రేటుగారు సర్టిఫికెట్‌లోని "బ్లంట్ వెపన్" అన్న మాట పైకి చదివి, ముద్దాయికి తెలుగులో చెప్పమన్నారు నన్ను.

"మొద్దు ఆయుధంతో దెబ్బ తగిలిందని డాక్టరుగారు రాశారమ్మా" అన్నాను.

"ఆవిడ కత్తే మొద్దుబారి ఉంటుంది లెండి" అన్నాడు ప్రభుత్వ ప్లీడరు.

పోలేరమ్మకి ఒళ్ళు మండింది. "నా కత్తి మొద్దా? ఎవరండీ అంది? ఇరవై ఏళ్ళబట్టి కోస్తన్నా. బొచ్చె చేప తలకాయ ఒక్క ఏటుకి రెండు చెక్కలవుద్ది! ఆ కత్తే ఆయన నుదుటి మీద పడుంటే ఇయ్యాల ఇక్కడ నిలబడేవాడా?"

హేమసుందర్ మొహం వెలిగిపోయింది. కేసు గెలిచినట్టే. ఆవిడ అక్కడితో ఆగితే బాగుండేది.

"కత్తితో కాదండీ, కేజీ రాయితో కొట్టా" అంది.

వకీలు తల పట్టుకున్నాడు. మేజిస్ట్రేటుగారు నవ్వాపుకుంటూ, "వెరీ బ్లంట్ లేడీ" అన్నారు నాతో.

అది పోలేరమ్మ చెవిన పడింది. ఇందాక సర్టిఫికెట్‌లో విన్న మాటే. "ఏవండీ, అయ్యగారు నన్ను మొద్దంటన్నారా?"

"కాదమ్మా. ఉన్నదున్నట్టు మొహం మీదే చెప్పే మనిషివంటున్నారు."

"రెండిటికీ ఒకటే మాటా? అదేం బాసండీ!"

కోర్టంతా గొల్లున నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. నా ఇన్నేళ్ళ తగువునీ ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

"ఎందుకు కొట్టావు?" అని అడిగారు మేజిస్ట్రేటుగారు.

అంతవరకూ గలగలా మాట్లాడిన మనిషి ఠక్కున ఆగిపోయింది. ఒకసారి గుమ్మం వైపు చూసింది. అక్కడ ఆవిడ కోడలు గంగాదేవి, ఇరవై ఏళ్ళ పిల్ల, తలుపు చాటున నిలబడి ఉంది. పోలేరమ్మ తల దించుకుంది.

"కారణం చెప్పకపోతే ఊరికే కొట్టావనుకోవాలి. జైలుకి పంపాల్సి వస్తుంది."

"పంపండయ్యా" అంది నేల చూస్తూ.

ఆ చూపుతోనే సంగతేమిటో నాకు తెలిసిపోయింది. తెలిసి ఏం లాభం, నేను టైపు కొట్టాల్సింది ఆవిడ చెప్పిన మాటే. ఆ ఒక్క ముక్కా కొట్టడానికి నాకు చేతులు రాలేదు.

గంగాదేవి లోపలికొచ్చింది. బంట్రోతు ఆపబోతే పక్కకి నెట్టేసి, మేజిస్ట్రేటుగారి బల్ల ముందు నిలబడింది.

"నా కోసమండీ. చేపలు కొనడానికొచ్చి, ఈయన నా చెయ్యి పట్టుకు లాగాడండీ. ఎంత అరిచినా వదల్లేదు. అందుకే అత్త కొట్టింది. ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నా."

ఆ పిల్లని బోనెక్కించి మళ్ళీ చెప్పించారు. తిరుపతిరావు రుమాలుతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ పిల్ల అతని మీద కేసు పెట్టుకోవచ్చన్నారు మేజిస్ట్రేటుగారు. పోలేరమ్మకి, కొట్టినందుకు, ఆరోజు కోర్టు లేచేదాకా హాల్లో కూర్చోవడమే శిక్ష.

అత్తాకోడళ్ళిద్దరూ నా వెనక బెంచీ మీద కూర్చున్నారు.

"నాకు ఒట్టు పెట్టి, నువ్వే బయటపెట్టేశావేంటే? నీ పేరు బజార్న పడింది కదే. నేను జైలుకి పోతే ఏం పోద్ది?" అంది పోలేరమ్మ.

"నువ్వు నోరు మూసుకోడం నేనెప్పుడూ చూళ్ళేదత్తా" అంది గంగాదేవి. "చూడలేకపోయా."