ఓకే అనాల్సిన మనిషి

ఆ ఇంట్లో ఓకే అనని పూట ఉండదు. కూర బాగుందా అంటే ఓకే, ఒంట్లో బాగుందా అంటే ఓకే. నాన్న అలిగి తలుపేసుకున్నా, అమ్మ బతిమాలగా బతిమాలగా లోపల్నుంచి వినిపించేది ఆ మాటే.

చిన్న కూతురు చేసే లిఫ్టుల రిపేరు పనిలో మాత్రం దాన్ని ఊరికే అనకూడదు. పరీక్ష చేసినవాళ్లు పైకి వినబడేలా ఓకే అనాలి. అన్నవాళ్లే మొదట ఒంటరిగా ఎక్కి పైదాకా వెళ్లి రావాలి. ఆ తర్వాతే జనం. ఈ పద్ధతి ఆమెకు నేర్పింది సూపర్‌వైజరుగా ఉన్న అక్క మొగుడు. ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివిన పిల్లని ఈ ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే.

ఆ ఉదయం ఆసుపత్రి లిఫ్టు ఆగాల్సినచోట ఆగకుండా జానెడు కిందికి జారింది. బ్రేకు పట్టీలు అరిగిపోయాయి. కొత్తవి రేపటికి గానీ రావు. బావ ఉన్నవాటినే బిగించాడు, ఆమె పరీక్ష చేసింది. మొదట బాగానే ఆగింది, తర్వాత మళ్లీ జారింది.

బయట చక్రాల కుర్చీలో ఒక ముసలాయన, వెనక ఆయన కోడలు. ఆసుపత్రి మేనేజరు పళ్లు కొరుకుతున్నాడు.

"ఓకే అనవే ఇంజనీరమ్మా," అన్నాడు బావ గొంతు తగ్గించి. "ఈ ఒక్క పూటకి. కాంట్రాక్టు పోతే నా ఉద్యోగమూ గోవిందా, నీదీ గోవిందా."

"జారుతోంది బావా."

"జానెడుకే జడుసుకుంటావా? చిన్నప్పుడు మంచం మీంచి పడ్డావట, అదే ఇంతకన్నా ఎత్తు!"

ఆమెకు నవ్వు రాలేదు. "నేననను. కోప్పడకండి."

"నిన్ను ఇక్కడికి తెచ్చింది ఇందుకా?"

ఆమె చెవులు వేడెక్కాయి. అయినా ఓకే అనలేదు.

"ఏమయ్యా, అయిందా లేదా?" అరిచాడు మేనేజరు.

"ఓకే సార్!" అనేశాడు బావ. అన్నాక ఆయన మొహం పాలిపోయింది. పద్ధతి ఆయనదే, వెనక్కి తగ్గే మనిషా కాదు. లోపలికి వెళ్లి మీట నొక్కాడు.

ఆమె గబుక్కున తలుపుల మధ్య భుజం అడ్డంపెట్టింది. మూసుకోబోయిన తలుపు భుజానికి తగిలి వెనక్కి వెళ్లింది.

"తప్పుకో."

"దిగండి బావా. రేపు అక్కకి నా మొహం చూపించాలి."

"నలుగురిలో పరువు తీస్తున్నావే."

"తీస్తున్నాను. దిగండి."

కోడలు అప్పటికే కుర్చీని వెనక్కి తిప్పేసింది. మేనేజరు ఫోన్లో ఇంకో కంపెనీవాళ్లని రమ్మంటున్నాడు. బావ దిగలేదు, ఆమె కదల్లేదు. తలుపు వచ్చి తగులుతూనే ఉంది.