పొయ్యివైపు చోటు

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఒక్కో మాట రాయడానికి ముల్లంగి తరిగినంత సేపు పడుతోంది, అందుకే పొట్టిగా రాస్తున్నాను. ఇది మా కింది అంతస్తులో ఉండే మాలిమ్ సంగతి. ఆమెకు చెప్పే రాస్తున్నాను.

రోడ్డు వెడల్పు చేయడానికి మాలిమ్ ఇల్లు తీసుకున్నారు. మంచు పడేలోగా ఖాళీ చేయాలి. అప్పటికి ఆమెకు అరవై ఎనిమిదేళ్లు, మొగుడు పోయి నాలుగేళ్లు. ఉన్న డబ్బుకు రెండే ఇళ్లు కుదిరాయి. ఒకటి టౌన్‌లో కొత్త ఫ్లాటు, తాళం తీసి పరుపు వేసుకోవడమే తరువాయి. రెండోది కొండవార పాత మట్టి ఇల్లు. కప్పు ఒక పక్కకు కుంగింది, తలుపులు సరిగా మూసుకోవు. కానీ మిరపతోట వేసుకునేంత పెరడుంది.

ఆడపడుచు ఇప్పున్ ఫ్లాటే కొనమంది.

"ఆ కొంప గోడకి నువ్వు ఆనుకున్నావంటే అవతలి పక్క తేలతావు వదినా."

"ఆనుకోనులే. మరమ్మతు చేయించుకోలేనా?"

"ముందు నీ మోకాళ్లకి చేయించు."

మాలిమ్ వినలేదు. పాత ఇల్లు చూడటానికి ఒక్కతే వెళ్లింది. ఇంటామెది సాంగ్జు ఊరు, అందరూ సాంగ్జు ఆవిడ అనే పిలుస్తారు. వచ్చిన మనిషిని ఆమె పొయ్యివైపు కూర్చోబెట్టింది. వంటింటి పొయ్యిలో మంట వేస్తే వేడి గది నేల కింద రాళ్ల సందుల్లోంచి పాకుతుంది, పొయ్యి పక్క చోటు ముందు కాగుతుంది. ఆ చోటు అతిథికో, ఇంట్లో పెద్దకో ఇవ్వాలి. బార్లీ టీ వచ్చింది, ఉడికించిన చిలగడదుంపలు వచ్చాయి. నేల వెచ్చదనం తొడల్లోకి ఎక్కి మాలిమ్ మోకాళ్లు మెత్తబడ్డాయి.

పంతొమ్మిదేళ్లకు కాపురానికి వచ్చింది మొదలు మాలిమ్ పడక వేడి అందని తలుపు దగ్గరే. పొయ్యివైపు అత్త, అత్త పక్కన తొమ్మిదేళ్ల ఇప్పున్. ఇప్పున్ పెళ్లయి వెళ్లినా మాలిమ్ పడక మారలేదు, అలా ముప్పై ఒక్క ఏళ్లు. అత్త పోయిన ఏడాదే మొగుడికి పక్షవాతం వచ్చింది, ఆ చోటు ఆయనకు ఇచ్చింది. ఆయన పోయాక తనకు దక్కింది, నాలుగు చలికాలాలు. ఐదోదానికి రోడ్డు వచ్చింది.

అతిథి లేచి గదంతా తిరగకూడదు. రెండు గంటలు కదలకుండా కూర్చుని దూలాలు చూసింది, కప్పు చూసింది. కప్పు వేయించుకోవచ్చు, తలుపులు సరిచేయించుకోవచ్చు అనుకుంది. నేల సంగతి తోచనే లేదు.

బయానా ఇవ్వడానికి ఇప్పున్‌ను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లింది. టీ పోస్తుండగా తలుపు తెరుచుకుని తొంభై ఏళ్ల ముసలామె లోపలికి వచ్చింది. సాంగ్జు ఆవిడ అత్తగారు, కూతురింటి నుంచి ఆ రోజే తిరిగొచ్చింది. మాలిమ్ గబుక్కున లేచింది.

"రండి పెద్దమ్మా, ఇలా వెచ్చగా కూర్చోండి."

తను గది ఆ చివరికి జరిగి కూర్చుంది. వాగులో రాయి మీద కూర్చున్నట్టయింది. చెయ్యి ఆనించి చూసింది. ఇంకాస్త అవతల ఆనించింది. గోడ దాకా చల్లగానే ఉంది.

"అక్కడొద్దమ్మా, జలుబు చేస్తుంది," అంది ముసలామె. "కింద రాళ్లు కూలి ఇరవై ఏళ్లు. వేడి అటు పోదు. మేమంతా ఈ మూలనే ముడుచుకుని పడుకుంటాం."

"అత్తయ్యా!" అంది సాంగ్జు ఆవిడ.

"ఏం, అబద్ధమా?"

సాంగ్జు ఆవిడ మొహం ఎర్రబడింది. ఇంక టీ పోయలేదు.

బయటికొచ్చాక ఇప్పున్ ఎగతాళి చేస్తుందనుకుంది మాలిమ్. చేయలేదు.

"నేల తవ్వించుకోవచ్చులే వదినా. రాళ్లు పరిచే మనిషి ఎక్కడో దొరుకుతాడు. తోటంటే నీకు ప్రాణం కదా."

"ఎన్నాళ్లు పడుతుందంటావ్?"

"తవ్వాలి, పరవాలి, మట్టి ఆరాలి. వసంతం అవుతుందేమో."

"అంటే ఈ చలికాలం మళ్లీ చల్లటి నేల మీదే."

ఇప్పున్ చెప్పుతో మట్టి గీకింది. "అప్పుడు నేను మా అమ్మ పక్కన వెచ్చగా పడుకున్నాను," అంది.

"పిచ్చిదానా, నిన్ను ఎత్తుకెళ్లి అటు పడుకోబెట్టిందే నేను."

మాలిమ్ పెరట్లోకి వెళ్లి మట్టి పిడికెడు తీసి నలిపింది. మంచి నల్లమట్టి. చాలాసేపు నలిపింది. మరమ్మతులంటే ఆమెకు భయం లేదు. వెచ్చటి చోటు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడమే ఇక చేతకాదు. మట్టి దులుపుకుంది. బయానా కవరు ఇవ్వకుండానే సంచిలోకి నెట్టి బస్సు వైపు నడిచింది.

ఫ్లాటులోకి మారిన రోజున ఇప్పున్ కొత్తింటికి ఇచ్చే ఆనవాయితీగా బట్టల సబ్బుపొడి పట్టుకుని వచ్చింది. వచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఎక్కడ కూర్చోమంటావ్ వదినా?"

పొయ్యివైపు చూపించబోయి మాలిమ్ చెయ్యి ఆగిపోయింది. నాలుగు గోడలూ ఒకేలా ఉన్నాయి. గదంతటా నేల కింద గొట్టాల్లో వేడినీళ్లు పారుతున్నాయి.

"నీ ఇష్టం," అంది. ఆ మాట ఆమెకే కొత్తగా వినిపించింది.

ఇప్పున్ అక్కడే, గడప పక్కనే చతికిలబడింది.

"అక్కడొద్దే, తలుపు దగ్గర..." అంటూ మాలిమ్ వంగి నేల తాకింది. వెచ్చగా ఉంది. మెల్లగా మోకాళ్లు మడిచి ఆమె పక్కనే కూర్చుంది.

మిరపతోట లేని లోటు మాత్రం ఇప్పటికీ నాతో అంటూనే ఉంటుంది.

ఛో పిల్నామ్, ఎనభై ఒక్క ఏళ్లు, యంగ్‌యాంగ్ టౌన్, మూడో అంతస్తు.