కింద గది ఎవరిది

అన్వరీ సంచి సర్దుకుంటుంటే నేను గుమ్మంలో కూర్చుని చూస్తున్నాను. ఎవరు ఊరెళ్తున్నా నేను వాళ్లు పెట్టుకునేది చూడను, వదిలేసేది చూస్తాను. మళ్లీ వచ్చే మనిషి ఏదో ఒకటి వదిలి వెళ్తుంది. మా అన్న మిలిటరీకి వెళ్లినప్పుడు దువ్వెనతో సహా తీసుకెళ్లాడు. అప్పటినుంచీ నాకీ జబ్బు.

చీరలు, దుప్పటి, మందుల డబ్బా ఎయిర్‌బ్యాగులోకి వెళ్లాయి. చివర్లో అన్వరీ బీరువా అడుగునుంచి ఒక పొట్లం తీసి, నాకు వీపు పెట్టి, బట్టల కిందికి దూర్చేసింది.

"ఏంటది?" అన్నాను.

"పాత బట్టలక్కా. నీకన్నీ కావాలి."

పాత బట్టలకి కలరా ఉండల వాసన వస్తుంది. దీనికి కర్పూరం వాసన వచ్చింది. నలభై ఏళ్లుగా ఒకే గోడకి అటూ ఇటూ కాపురం చేస్తున్నాం, నా దగ్గర దాచడం ఏమిటి? కాకపోతే రోలు దొడ్లోనే వదిలేసింది. కొత్తిల్లు కట్టడం అయ్యాక వచ్చి పచ్చడి నూరతానంది. కొంత నెమ్మదించాను.

విజయవాడ వన్‌టౌన్‌లో కొండ వారనే మా వీధి. నాలుగు పెంకుటిళ్లు, ఒకదాని గోడకి ఇంకొకటి ఆనుకుని ఉండేవి. వానలకి ఆ గోడలన్నీ కలిసే బీటలిచ్చాయి. ఒక బిల్డరు వచ్చి స్థలాలన్నీ కలిపి ఇస్తే అయిదంతస్తులు లేపుతాను, లిఫ్టు పెడతాను అన్నాడు. అన్వరీ కొడుకు వసీం ఒప్పుకోలేదు. మన ఇల్లు మనమే కట్టుకుందామని బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసున్న ఒక ఆర్కిటెక్టును తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి పేరు శ్రీజ.

శ్రీజ వచ్చి టేపు తియ్యలేదు. మా అరుగుల మీద కూర్చుంది. కూరల బండి ఎక్కడ ఆగుతుందో, ఎండ ఎవరి గుమ్మంలోకి ఎప్పుడొస్తుందో, సాయంత్రం ఎవరెక్కడ చేరతారో చూస్తూ వారంపాటు అలాగే కూర్చుంది. చివరింట్లో బియ్యం కొట్టు రత్తయ్యకి అది నచ్చలేదు. "ఈ పిల్ల ఇల్లు కట్టడానికొచ్చిందా, పెళ్లిచూపులకొచ్చిందా?" అని అందరికీ వినపడేలాగే అన్నాడు. నాకూ అనుమానంగానే ఉండేది. ఊరికే కూర్చునే మనిషికి ఎవరో డబ్బిస్తూ ఉండాలి కదా. ఆ బిల్డరే పంపాడేమో అనుకున్నాను.

ఒకరోజు అన్వరీ, శ్రీజా అరుగు చివర తల దగ్గర తల పెట్టి మాట్లాడుకుంటున్నారు. నేను వెళ్లేసరికి ఇద్దరూ ఎండ సంగతి ఎత్తుకున్నారు.

తర్వాత శ్రీజ మమ్మల్ని స్కూలు గ్రౌండుకి పిలిచి, కట్టబోయే ఇల్లు ఉన్నంత కొలతలో నేలమీద ముగ్గు పోయించింది. ఎవరి గదుల్లో వాళ్లు నడిచి చూసుకోమంది. ఇల్లు మూడంతస్తులే, కొండకి అడ్డం రాదు. వీధి వైపు అరుగులు ఉంటాయి, మెట్లు వెడల్పుగా ఉంటాయి, నా వంటింటి కిటికీ అన్వరీ వంటింటి కిటికీకి ఎదురుగా ఉంటుంది. నాకు తెలియకుండానే ఆ ముగ్గు మధ్యలో నిలబడి పోపు పెట్టే చోటు వెతుక్కున్నాను.

ఆఖర్న గుమ్మం పక్కన ఒక గది మిగిలింది. అది ఎవరి వాటాలోనూ లేదు. రెండు రెక్కల తలుపు, లోపల పంపు, నీళ్లు పోవడానికి వాలుగా నేల, తూము ఉంటాయని ప్లానులో గీసుంది.

"ఇదెవరిది?" అన్నాడు రత్తయ్య.

"అందరిదీనండీ," అంది శ్రీజ. అన్వరీ కొంగు సర్దుకుంటూ ఇటువైపు చూడలేదు.

దారి పొడుగునా రత్తయ్య మాటలు ఆపలేదు. పంపు, తూము, పెద్ద తలుపు. రేపక్కడ మాంసం కొట్టు వెలవకపోతే అడగండి అన్నాడు. తల్లీ కొడుకులు ఆ పిల్లని ముందే మాట్లాడి పెట్టుకున్నారన్నాడు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేకపోయాను.

ఇల్లు కట్టే ఏడాదీ అద్దెకి ఉండాలి. సత్యనారాయణపురంలో వాటా చూడ్డానికి వెళ్తే ఇంటావిడ నన్నూ మా వారినీ ఎగాదిగా చూసి, ఆరోగ్యం బాగానే ఉంటుందా అండీ అని అడిగింది. ఆ ప్రశ్న దేనికో మాకు తెలుసు. అద్దె ఇంట్లో మనిషి పోతే శవాన్ని ఇంట్లో ఉంచనివ్వరు. బాగానే ఉంటామండీ అని మాటిచ్చి తాళంచెవి తీసుకున్నాం. వసీంకి థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం కాబట్టి తల్లినీ భార్య ఇష్రత్‌నీ కొండపల్లిలో అద్దింటికి తీసుకెళ్లాడు. ఆ సంచి సర్దింది ఆ రోజే.

ఆగస్టుకి రెండు శ్లాబులు పడ్డాయి. ఎదురు వరసలో తాత్కాలికంగా కొట్టు పెట్టుకున్న రత్తయ్య, సిమెంటు తడవకూడదని చెప్పి కింద గది నిండా బస్తాలు వేయించి తన తాళం బిగించాడు. మంగళవారం సాయంత్రం బియ్యానికి వెళ్తే, నన్ను చూసి నవ్వాడు.

"నేను చెప్పలేదూ హైమవతిగారూ? పొద్దున వసీం ఫోను. ‘బాబాయ్, కింద గది ఖాళీగా ఉందా?’ అన్నాడు. ఏరా, కొట్టు ఎప్పుడు తెరుస్తున్నావ్ అన్నాను. ఖాళీ లేదు, సిమెంటేశాం అని పెట్టేశాను."

"ఇంకేం అన్లేదా?"

"దొరికిపోయాక ఏమంటాడు?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొట్టు పెట్టేవాడు శ్లాబు తడి ఆరకముందే అడగడు. తెల్లారి శ్రీజ పని చూడ్డానికి వచ్చే వేళకి వెళ్లి, ఆ గది సంగతి చెప్తేగానీ కదలనన్నాను. ఆ అమ్మాయి నన్ను కూలీలకి దూరంగా ఇసుక కుప్ప పక్కకి తీసుకెళ్లింది.

"అన్వరీ మామ్మగారు అడిగారండీ. పోయినవాళ్లని పడుకోబెట్టి స్నానం చేయించడానికి కింద ఒక గది ఉంచమన్నారు. ఇన్నాళ్లూ ఆ పని అరుగు మీద, దొడ్లో అయ్యేదట. పైఅంతస్తుల్లో ఎలాగమ్మా, ఏ మతంవాళ్లకైనా పనికొస్తుంది అన్నారు. కొత్తింటికి ముగ్గు పోసేటప్పుడు ఆ మాట పైకి అనకూడదన్నారు. మీకు అసలే బెంగ ఎక్కువని, మీకైతే మరీ చెప్పొద్దన్నారు."

నేను ఇంటికి వెళ్లలేదు. కొండపల్లి బస్సెక్కాను.

ఇష్రత్ తలుపు తీసింది. మేకుకి ఎయిర్‌బ్యాగు ఖాళీగా వేలాడుతోంది. అడక్కుండానే చెప్పింది. మంగళవారం పొద్దున ఆసుపత్రిలో అన్వరీ గుండె నిలవదు, ఇంటికి తీసుకెళ్లమన్నారట. ఇంటి యజమాని చేతులు జోడించి, మా ఇంట్లో పెళ్లి పెట్టుకున్నాం, ఏమీ అనుకోకండి అన్నాడట. అన్వరీ మా వీధికి తీసుకెళ్లమందట, గది ఉంది అందట. వసీం ఫోను చేసి వచ్చి, గది ఖాళీ లేదన్న మాట తల్లికి చెప్పలేదట. మసీదు వెనక రేకుల కింద, వానలో, స్నానం చేయించారు. కర్పూరం అద్ది, సంచిలో దాచుకున్న పొట్లంలోని తెల్లగుడ్డ చుట్టారు.

నేను తిరిగొచ్చి చెప్పింది విని రత్తయ్య తాళం తీశాడు. కూలీలను పిలవకుండా బస్తాలన్నీ తనే మోసి బయట వేసి, గది కడిగాడు.

2004 ఫిబ్రవరిలో నాలుగిళ్లవాళ్లం తిరిగి వచ్చాం. రోలు దొడ్లోనే ఉంది. అన్వరీ రాలేదు. 2003 ఆగస్టు పన్నెండు, మంగళవారం మధ్యాహ్నం ఆమె కొండపల్లిలో పోయింది.